రైడ్‌లు, రీళ్ళు, రెండు డాలర్ల చీటీ: వినోదోద్యానాల్లో కెమెరా ఎంపిక చరిత్ర

వినోదోద్యానానికి విహారయాత్రకు బయలుదేరే కుటుంబం ఏ కెమెరా వెంట తీసుకువెళ్ళాలన్నది పైకి ఆ కుటుంబం అభిరుచికీ ఆర్థిక స్తోమతకూ సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నూట ముప్పై ఏళ్ళ వెనక్కు వెళ్ళి ఆ ఎంపిక ఎలా జరుగుతూ వచ్చిందో పరిశీలిస్తే, అందులో సందర్శకుడి ఇష్టానిది స్వల్పమైన పాత్రేననీ, గేటు దగ్గరి నిబంధన, లోపలి వెలుతురు, జనం రద్దీ, రీలు అమ్మే సంస్థకూ ఉద్యానం యాజమాన్యానికీ మధ్య కుదిరిన ఒప్పందం కలిసి అతడి చేతిలో ఏ కెమెరా ఉండాలో చాలావరకు ముందే నిర్ణయించాయనీ తెలుస్తుంది. ఈ చరిత్రలో ఎక్కువ భాగం అమెరికాలో నడిచింది. సామాన్యుడు చేత పట్టుకుని తిరగగల కెమెరా, సామాన్యుడు టికెట్టు కొని వెళ్ళగల పెద్ద వినోదోద్యానం అక్కడ దాదాపు ఒకే కాలంలో రూపు కట్టడం, ఒకదాని వ్యాపారాన్ని మరొకటి పెంచడం ఇందుకు కారణం.

1888కి ముందు ఫోటో తీయాలనుకున్న యాత్రికుడు గాజు పలకల పెట్టె, మూడు కాళ్ళ స్టాండు, తల మీద కప్పుకునే నల్లగుడ్డ మోసుకుంటూ వెళ్ళవలసి వచ్చేది. ఆ సంవత్సరం న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్ నగరానికి చెందిన జార్జ్ ఈస్ట్‌మన్ 25 డాలర్లకు అమ్మకానికి పెట్టిన కొడాక్ కెమెరాలో 100 చిత్రాలకు సరిపడే రీలు ముందే చుట్టి ఉండేది. తీసిన చిత్రాలు రెండున్నర అంగుళాల వ్యాసంతో గుండ్రంగా వచ్చేవి. రీలు పూర్తయ్యాక కెమెరాను మొత్తంగా రోచెస్టర్‌కు పంపితే, 10 డాలర్లు తీసుకుని ఫోటోలు కడిగి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవారు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగిళ్ళలో ‘ఫోటోలు కడిగించడం’ అనే మాట వెనుక ఉన్న ఏర్పాటుకు, అంటే తీసేవాడు ఒకడు, కడిగేవాడు మరొకడు అయిన పద్ధతికి, ఇదే మొదలు.

అయిదేళ్ళ తరువాత, 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు రెండు కోట్ల డెబ్భై లక్షలకు పైగా ప్రవేశాలు నమోదయ్యాయి. ప్రదర్శన మైదానానికి ఆనుకుని ఉన్న మిడ్‌వే అనే పొడవాటి వీధిలో వింతలు, ఆటలు, భోజనశాలలు వరుసగా ఉండేవి. వాటి నడుమ 264 అడుగుల ఎత్తున, 36 పెట్టెలతో, ఒక్కో పెట్టెలో 60 మంది పట్టేలా జార్జ్ ఫెర్రిస్ నిలబెట్టిన మహాచక్రమే నేటి జెయింట్ వీల్‌లన్నిటికీ మూలరూపం. ప్రదర్శన ప్రవేశ రుసుము 50 సెంట్లు కాగా, చేతి కెమెరా వెంట తెచ్చుకున్నవారు దానికోసం రోజుకు 2 డాలర్లు కట్టి వేరే అనుమతి చీటీ తీసుకోవాలి. అంటే కెమెరాకు పట్టిన టికెట్టు మనిషి టికెట్టుకు నాలుగు రెట్లు. ఆ కెమెరా కూడా నాలుగు అంగుళాలకు అయిదు అంగుళాలు మించిన చిత్రం తీసేది కాకూడదు, మూడు కాళ్ళ స్టాండు లోపలికి తేకూడదు.

ఈ నిబంధనలో రద్దీని అదుపు చేసే ఉద్దేశం కొంత ఉన్నప్పటికీ, అసలు కారణం వ్యాపారమే. ప్రదర్శనను పెద్ద పలకల మీద చిత్రించి అమ్మే హక్కు చార్లెస్ డడ్లీ ఆర్నల్డ్ నాయకత్వంలోని అధికారిక ఛాయాచిత్ర విభాగానికి కట్టబెట్టారు కనుక, దానితో పోటీపడగల నాణ్యమైన పరికరం సందర్శకుడి చేతిలో ఉండడం నిర్వాహకులకు నష్టం. అయితే ఈ కట్టడి వల్ల చరిత్రకు ఒక మేలు జరిగింది. ఆర్నల్డ్ చిత్రాల్లో తెల్లని భవనాలు, కొలనులు, స్తంభాలు గంభీరంగా నిలబడి ఉంటాయి గాని మనుషులు అరుదు. స్టాండు లేక, చిన్న పెట్టె చేతబట్టుకుని తిరిగినవారు మాత్రం మిడ్‌వేలో నడిచే జనాన్ని, బెంచీల మీద సేదతీరే తల్లులను తీసుకున్నారు. ఆనాడు అక్కడికి వెళ్ళినవారికి ప్రదర్శన ఎలా అనిపించి ఉంటుందో ఊహించదలచిన నేటి పాఠకుడికి, మసకగా ఉన్న ఆ చిన్న చిత్రాలే ఎక్కువ ఉపకరిస్తాయి.

అదే షికాగో ప్రదర్శనలో, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ చిత్రాలు కూడా ప్రదర్శితమై గుర్తింపు పొందాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఆయన వాడినవి పెద్ద గాజు పలకలు. వాటితో పనిచేయడానికి సహాయకులు, బరువైన స్టాండు, ఎండ నిలకడ కావాలి. ఆ పలకల మీది చిత్రాలు గోడలకెక్కిన మైదానంలోనే, గేటు దగ్గర రెండు డాలర్లు కట్టి జేబు బరువు తగ్గించుకున్న గుమాస్తా తన చిన్న పెట్టె మీట నొక్కాడు. ఛాయాగ్రహణం రెండుగా చీలిన కాలం అది.

మిడ్‌వే విజయం చూసి పుట్టినవే న్యూయార్కు దగ్గర కోనీ ఐలండ్ సముద్రతీరంలోని స్టీపుల్‌ఛేజ్ పార్కు (1897), లూనా పార్కు (1903), డ్రీమ్‌లాండ్ (1904). ఇవి ఏడాది కోసం కట్టి విప్పే ప్రదర్శనలు కావు. చుట్టూ ప్రహరీ కట్టి, ఏటేటా వేసవిలో తెరిచే శాశ్వత వినోదోద్యానాలు. ఇవి తలెత్తుతున్న కాలంలోనే, 1900 ఫిబ్రవరిలో, కొడాక్ సంస్థ అట్టపెట్టెతో చేసిన బ్రౌనీ కెమెరాను ఒకే ఒక్క డాలరుకు విడుదల చేసింది. ఆరు చిత్రాల రీలు వెల 15 సెంట్లు. పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ పెట్టె కూలివాడి ఇంటికి కూడా చేరింది. అయితే కోనీ ఐలండ్ ప్రధాన ఆకర్షణ రాత్రిపూట వెలిగే లక్షల విద్యుద్దీపాలు కాగా, బ్రౌనీకి ఎండ తప్ప మరో వెలుతురు పనికివచ్చేది కాదు. ఈ కొరతను పూరించినవారు ఇద్దరు. రాత్రి దృశ్యాలకు రంగులద్ది అచ్చువేసిన పోస్టుకార్డులు అమ్మేవాడు ఒకడు, రేకు మీద అక్కడికక్కడే ఫోటో తీసి ఇచ్చే ఇసుకతిన్నె ఛాయాగ్రాహకుడు మరొకడు. టిన్‌టైప్ అని పేరుబడిన ఈ పద్ధతిలో నల్లని పూత పూసిన పలుచటి ఇనుప రేకే చిత్రానికి ఆధారం. నెగటివ్ ఉండదు, కొద్ది నిమిషాల్లో చిత్రం చేతికి వస్తుంది, రేకు కనుక జేబులో పెట్టుకున్నా నలగదు. నెలవంక ఆకారంలో చేసిన బల్ల మీద జంటను కూర్చోబెట్టి, వెనుక చుక్కల ఆకాశం తెర దించి తీసిన చిత్రాలు ఆ కాలపు వాడుక. తెలుగునాట తిరునాళ్ళలో విమానం బొమ్మ లోనుంచి తల బయటపెట్టి, సినిమా తార అట్టబొమ్మ పక్కన నిలబడి ఫోటో దిగిన తరాలకు ఈ తెర, ఈ బల్ల వేరే దేశానివిగా తోచవు. కెమెరా లేనివాడికి కెమెరాతో పాటు ఒక ఊహాలోకాన్ని కూడా అద్దెకిచ్చే వృత్తి రెండు చోట్లా ఒకే అవసరం నుంచి పుట్టింది. 1925లో న్యూయార్కు బ్రాడ్‌వేలో అనతోల్ జోసెఫో నెలకొల్పిన నాణెం యంత్రం, 25 సెంట్లకు ఎనిమిది చిత్రాల పట్టీ ఇస్తూ, ఈ వృత్తిదారుల జీవనానికి గండికొట్టడం ఆరంభించింది.

1955 జులై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండ్ తెరుచుకోవడంతో ఈ కథ మలుపు తిరిగింది. షికాగో ప్రదర్శన నిర్మాణంలో వడ్రంగిగా పనిచేసిన ఎలియాస్ డిస్నీ కుమారుడే దీని స్థాపకుడు వాల్ట్ డిస్నీ. ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఇతివృత్తం చుట్టూ, సినిమా సెట్టును పోలిన పద్ధతిలో కట్టి, సందర్శకుడిని కథలో నడిపించే ఇటువంటి ఉద్యానాన్నే థీమ్ పార్కు అంటారు. సినిమా కళాదర్శకులు రూపొందించిన స్థలం కావడం వల్ల ఇది మొదటి నుంచి కెమెరా కంటికి అనువుగా ఉంది. 77 అడుగుల కోట పైకి పోయేకొద్దీ రాళ్ళు, కిటికీలు చిన్నవవుతాయి. దూరంగా ఉన్నవి చిన్నవిగా కనిపించే మన చూపు అలవాటును వాడుకుని కట్టడాన్ని ఉన్నదానికన్నా ఎత్తుగా భ్రమింపజేసే ఈ ఉపాయాన్ని కృత్రిమ దూరదృశ్యం అనవచ్చు. కోటకు ఎదురుగా, తగినంత దూరాన నిలబడి తీసిన ఫోటోలో ఈ భ్రమ చక్కగా నిలుస్తుంది.

ఆ నిలబడవలసిన చోటును సందర్శకుడికి చూపించే పనిని కొడాక్ చేపట్టింది. ప్రారంభ దినం నుంచే ప్రధాన వీధిలోని కెమెరా దుకాణానికి ఈ సంస్థ ప్రాయోజకురాలు. 1920లలో కారు యాత్రికుల కోసం అమెరికా రహదారుల పక్కన ముందున్న చక్కని దృశ్యాన్ని సూచిస్తూ పలకలు పాతించిన అలవాటు ఈ సంస్థకు ఉంది. అదే పద్ధతి ఉద్యానం లోపలికి వచ్చి, ‘పిక్చర్ స్పాట్’ అనే చిన్న పలకలుగా స్థిరపడింది. పలక ఉన్నచోట నిలబడితే దారిన పోయేవారు అడ్డురారు, నేపథ్యం సరిగా అమరుతుంది, వెలుతురు సాధారణంగా అనుకూలంగా ఉంటుంది. కొత్తగా కెమెరా పట్టినవాడికి ఇది గొప్ప సహాయం. అదే సమయంలో లక్షలాది ఇళ్ళ ఆల్బమ్‌లలో ఒకే కోట, ఒకే కోణంలో, మనుషులు మాత్రమే మారుతూ కనిపించడానికి కారణం కూడా ఇదే.

1950ల కుటుంబం ముందు ఉన్న పరికరాలను కాస్త దగ్గరగా చూడాలి. అందరికీ అందుబాటులో ఉన్నది బ్రౌనీ హాకై. నల్లని బేకలైటు పెట్టె, పైన పట్టుకునే పిడి, ముందు ఒకే గాజు కన్ను. దీన్ని పొట్టకు ఆనించి, తల వంచి, పైనున్న చిన్న గాజు కిటికీలోకి చూడాలి. అందులో దృశ్యం కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది కాబట్టి, పిల్లవాడు చట్రం నుంచి తప్పుకుంటే తండ్రి కెమెరాను పొరపాటున వ్యతిరేక దిశకు తిప్పేవాడు. ఫోటో తీసిన ప్రతిసారీ పక్కనున్న బిళ్ళను తిప్పుతూ, వెనుక ఎర్ర కిటికీలో తరువాతి అంకె కనిపించేదాకా రీలును జరపాలి. జరపడం మరిస్తే ఒకే ముక్క మీద రెండు దృశ్యాలు పడి, పిల్లవాడి ముఖం మీదుగా ఆవిరి రైలు పోతున్నట్టు వచ్చేది. రీలుకు పన్నెండు చిత్రాలే కనుక, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏవి తీయాలి, ఏవి వదలాలి అన్న లెక్క ఇంటిపెద్ద మనసులో నడుస్తూనే ఉండేది.

కాస్త స్తోమత, ఓపిక ఉన్నవారు ‘ఇటుక’ అని ముద్దుపేరు పొందిన ఆర్గస్ సి3 వంటి 35 మిల్లీమీటర్ల కెమెరాలో కొడాక్రోమ్ రంగు రీలు ఎక్కించుకునేవారు. ఈ రీలు రంగులు దశాబ్దాలు గడిచినా వెలిసిపోనివి. అయితే ఆనాటి కొడాక్రోమ్ వేగం, అంటే వెలుతురుకు స్పందించే శక్తి, ఏఎస్ఏ కొలమానంలో 10 మాత్రమే. నడినెత్తి ఎండలో సైతం సెకనులో యాభయ్యో వంతు సేపు, ఎఫ్ 6.3 అనే మధ్యస్థ స్థాయిలో కన్ను తెరిస్తేగాని చిత్రం సరిగా రాదు. ఇక్కడ ఎఫ్ అంకె లెన్సు కన్ను ఎంత విప్పారిందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదై వెలుతురు ఎక్కువగా లోపలికి వస్తుంది. ఆర్గస్ లెన్సు ఎఫ్ 3.5 వరకే విప్పారేది కనుక, సాయంత్రం నీడలు కమ్ముకోగానే కెమెరా సంచిలోకి చేరేది. ఆనాటి యాత్రల స్లైడ్లలో అమెరికా అంతా ఎప్పుడూ మధ్యాహ్నమే అయినట్టు కనిపించడానికి కారణం ఈ రీలే.

ఇంతలో ఉద్యానమే చీకటిలోకి మరింత లోతుగా నడిచింది. 1967లో సముద్రపు దొంగల పడవ ప్రయాణం, 1969లో దయ్యాల భవనం డిస్నీలాండ్‌లో మొదలయ్యాయి. కప్పు కింద చీకటిలో, పట్టాల మీదనో నీటి మీదనో కదిలే వాహనంలో కూర్చోబెట్టి కథ చూపించే ఇటువంటి ఏర్పాటుకు డార్క్ రైడ్ అని పేరు. 1963లో వచ్చిన ఇన్‌స్టమాటిక్ కెమెరా రీలు ఎక్కించే బాధను తప్పించింది. పెట్టెలా ఉండే కార్ట్‌రిడ్జ్‌ను లోపల వేసి మూత మూస్తే చాలు. 1965 నుంచి దాని నెత్తిన నాలుగు బల్బుల ఫ్లాష్ ఘనం కూర్చునే వీలు కలిగింది. వాడకంలో ఇంత సులువు తెచ్చిన పరికరమే చీకటి రైడ్‌లో నిరుపయోగమైంది. ఫ్లాష్ వెలుగు దూరం రెండింతలైతే నాలుగో వంతుకు పడిపోతుంది కనుక, అది ముందు వరుసలో కూర్చున్నవారి తలలను తెల్లగా వెలిగించి, అసలు దృశ్యాన్ని నల్లగా వదిలేసేది. పైగా రంగు దీపాలతో ఎంతో శ్రమపడి కూర్చిన ఊహాలోకం ఆ ఒక్క మెరుపుతో గోడలు, తీగలు, బొమ్మల కీళ్ళు సహా బట్టబయలై, చుట్టూ ఉన్నవారందరికీ ఆ క్షణం పాడయ్యేది. డార్క్ రైడ్‌లలో ఫ్లాష్ వాడవద్దనే హెచ్చరిక న్యాయమైనదనడంలో సందేహం లేదు.

తమ కెమెరాకు చిక్కని చోట్ల చిత్రాలను జనం కొనుక్కున్నారు. గుండ్రని అట్ట చక్రంలో ఏడు జతల చిన్న రంగు చిత్రాలు అమర్చి, రెండు కళ్ళతో చూస్తే లోతు కనిపించేలా చేసిన వ్యూమాస్టర్ ఇందులో ముఖ్యమైనది. దాన్ని తయారుచేసే సాయర్స్ సంస్థను 1966లో జీఏఎఫ్ అనే సంస్థ కొనుగోలు చేసింది. 1970లో కొడాక్ స్థానంలో డిస్నీలాండ్‌కు ఫిల్ము ప్రాయోజకత్వం కూడా జీఏఎఫ్ చేతికి వచ్చింది. తరువాత కొన్నేళ్ళు పోలరాయిడ్ ఆ స్థానంలో ఉండి, 1980ల మధ్యకు మళ్ళీ కొడాక్ వచ్చింది. ప్రాయోజకుడు మారినప్పుడల్లా దుకాణంలో దొరికే రీలు, దానితోపాటు పలక మీది పేరు మారేవి. ఇంటి దగ్గర రీలు కొనడం మరచిపోయిన యాత్రికుడికి ఎంపిక అన్నదే మిగిలేది కాదు.

1970ల చివర ఏఎస్ఏ 400 వేగం గల రంగు నెగటివ్ రీళ్ళు మార్కెట్లోకి రావడం ఎన్ని ప్రకటనలు చేసినా చాలనంత పెద్ద మార్పు. పాత కొడాక్రోమ్‌తో పోలిస్తే ఇవి 40 రెట్లు చురుకైనవి. 1972లో డిస్నీలాండ్‌లో మొదలైన విద్యుద్దీపాల ఊరేగింపును, సంధ్యవేళ కోటను, వాన మబ్బు కింద పిల్లల ముఖాలను చేతితో పట్టుకునే తీయడం అప్పటి నుంచే సాధారణ కుటుంబానికి సాధ్యపడింది. 1986లో ఫూజీ, మరుసటి ఏడు కొడాక్ తెచ్చిన ఒకసారి వాడి ఇచ్చేసే కెమెరాలు మరో భయాన్ని తీర్చాయి. నీటి రైడ్‌లలో ఖరీదైన పరికరం తడుస్తుందేమో, ఎత్తు నుంచి జారిపడుతుందేమో అన్న దిగులు లేకుండా, అట్టతొడుగు కెమెరాను జేబులో వేసుకుని, రీలు అయ్యాక మొత్తంగా దుకాణంలో ఇచ్చి ఫోటోలు కడిగించుకోవచ్చు. శతాబ్దం క్రితం ఈస్ట్‌మన్ పెట్టిన పద్ధతి మళ్ళీ తిరిగివచ్చింది, ఈసారి కెమెరా తిరిగి రాదు.

ఈ నూరేళ్ళలో ఎంపికలన్నిటికీ ఒకే లోటు ఉండిపోయింది. కెమెరా పట్టినవాడు ఫోటోలో ఉండడు. పాత ఆల్బమ్‌లు తిరగేస్తే తల్లి, పిల్లలు, అమ్మమ్మ కనిపిస్తారు గాని తండ్రి అరుదుగా, అదీ దారిన పోయే అపరిచితుడు వంకరగా తీసిన ఏకైక చిత్రంలో కనిపిస్తాడు. ఈ లోటును ఉద్యానాలు వ్యాపార అవకాశంగా గుర్తించాయి. నిటారుగా జారే చోట కెమెరాను బిగించి, కేకలు వేస్తున్న ముఖాలను ఫ్లాష్‌తో పట్టి, బయటికి వచ్చే దారిలో తెర మీద చూపించి ప్రింటు అమ్మే పద్ధతి 1990లలో విస్తరించింది. 2004లో డిస్నీ ఫోటోపాస్ అనే ఏర్పాటు ఆరంభించింది. ముఖ్యమైన కూడళ్ళలో నిలబడ్డ ఉద్యోగి ఫోటో తీసి, అంకె ఉన్న కార్డు ఇచ్చేవాడు. ఇంటికి వెళ్ళాక ఇంటర్నెట్‌లో ఆ అంకెతో చూసుకుని కొనుక్కునేవారు. కోనీ ఐలండ్ ఇసుకతిన్నె మీద తుడిచిపెట్టుకుపోయిన వృత్తి ఈ రూపంలో జీతంతో పునర్జన్మ ఎత్తింది. అడిగితే సందర్శకుడి సొంత కెమెరాతోనూ తీసి ఇవ్వడం ఈ ఉద్యోగుల మంచి సంప్రదాయం. 1990ల నుంచి అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను ఆనహైమ్‌లోని లేదా ఓర్లాండో దగ్గరి డిస్నీ ఉద్యానానికి తీసుకువెళ్ళడం వాడుకగా మారింది. పట్టుచీరలో కోట ముందు నిలబడ్డ అమ్మ పక్కన కొడుకు కూడా ఉండగలగడం ఇటువంటి ఏర్పాటు వల్లనే.

డిజిటల్ యుగంలో ఎంపిక మళ్ళీ పరికరాల మీదికి మళ్ళింది. 2003లో కానన్ సంస్థ వెయ్యి డాలర్లలోపు వెలకు లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరాను తేవడంతో, ఒక తరం గృహస్థులు డార్క్ రైడ్‌ను తీరని సవాలుగా భావించి దాని వెంటపడ్డారు. కెమెరాతో వచ్చే జూమ్ లెన్సు వెడల్పుగా పెట్టినప్పుడు ఎఫ్ 3.5 వరకే విప్పారుతుంది. జూమ్ లేని, తక్కువ వెలకే దొరికే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు దానికన్నా దాదాపు నాలుగు రెట్లు వెలుతురు లోనికి రానిస్తుంది. తరువాతి కెమెరాల్లో ఐఎస్ఓ 3200 వేగం మామూలైంది. అది పాత కొడాక్రోమ్‌కు 320 రెట్లు. రెండూ కలిపితే ఆర్గస్ పట్టిన తండ్రికి అందిన దానికన్నా వెయ్యి రెట్లకు పైగా వెసులుబాటు. దశాబ్దాలుగా చీకటిలో ఉండిపోయిన బొమ్మలు సందర్శకుల ఇళ్ళకు చేరింది ఈ లెక్క వల్లనే. ఆ 50 మిల్లీమీటర్ల లెన్సుకు కూడా ఒక పరిమితి ఉంది. ఆ తరగతి కెమెరాల్లో అది ఇరుకు చూపు గలది కనుక, పడవలో కూర్చుని పక్కనున్న దృశ్యం మొత్తాన్ని పట్టడానికి చాలదు. అందువల్లనే 30, 35 మిల్లీమీటర్ల వెలుతురు లెన్సులకు ఆదరణ పెరిగింది.

2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది. డిస్నీ ఉద్యానాల పలకల మీద ఆ పేరు తొలగి, తరువాత నికాన్ పేరు వచ్చింది. అప్పటికే పలక ముందు నిలబడినవారిలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోను. ఫోనుకు తగిలించే సెల్ఫీ కర్రతో సందర్శకుడు తన ఫోటోలోకి తానే రాగలిగాడు గాని, రోలర్ కోస్టర్ మీద కర్ర చాపి తీసేవారి వల్ల ప్రాణాపాయం ఏర్పడి, 2015 జూన్ చివర అమెరికాలోని డిస్నీ ఉద్యానాలన్నిటిలో దాన్ని నిషేధించారు. మామూలు వీపు సంచిలో పట్టని, లేదా ఆరడుగులు మించి సాగే స్టాండును కూడా అక్కడి గేటు దగ్గరే ఆపుతారు. 1893 నాటి షికాగో గేటు నిబంధన ఇంత కాలానికీ పూర్తిగా సడలలేదు.

ఇప్పటి ఫోన్లు చీకటిలో ఒకే మీట నొక్కుకు అనేక చిత్రాలు వెంటవెంటనే తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి వెలుతురు కూడగడతాయి. నిలకడగా ఉన్న కోటకు, దీపాల వీధికి ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కదిలే పడవలో మాత్రం, తీసేవాడి చోటు ప్రతి క్షణమూ మారుతూ దగ్గరి బొమ్మ, దూరపు గోడ వేర్వేరు వేగాలతో జరుగుతుంటాయి కాబట్టి, పేర్చిన చిత్రాలు కలవక ముఖాలు చెదిరిపోతాయి. అందుకే దొంగల పడవ ఎక్కేముందు, జేబులో ఎంత మంచి ఫోను ఉన్నా, సంచిలోంచి పాత కెమెరా తీసి దానికి కన్ను పెద్దదైన లెన్సు బిగించుకునేవారు వరుసలో ఇంకా కనిపిస్తారు.